పాత పికప్‌కి ఏం తగిలించాలి? తొట్టి అడుగు నుంచి బంపరు దాకా ఒక పోలిక

మా 2009 బొలేరో క్యాంపర్ తొట్టిలోంచి రబ్బరు మ్యాట్ ఎత్తిన రోజు ఇంకా గుర్తుంది. రెండు వానాకాలాల పాటు దాని మీద రొయ్యల మేత బస్తాలూ ఐసు ట్రేలూ మోశాం. పైకి చూస్తే మ్యాట్ నిన్న కొన్నట్టే ఉంది. ఎత్తితే కింద రేకు మీద గీతలు గీతలుగా తుప్పు. మ్యాట్ అడుగున గాడులు ఎలా ఉన్నాయో అచ్చు గుద్దినట్టు అలాగే. ముందువైపు మూలలో స్క్రూడ్రైవర్ ఆనించి కాస్త నొక్కితే అవతలికి దిగిపోయింది. ఆ మ్యాట్ కొన్నదే రేకుని కాపాడదామని.

అప్పటి నుంచి పాత పికప్‌కి ఏ సామాను కొనాలన్నా నేను మొదట చూసేది ఒకటే. దీన్ని ఊడదీసి కింద ఏముందో చూడగలనా, లేదా? కొత్త బండికి ఈ గొడవ అంతగా ఉండదు. పదేళ్లు దాటిన బండికి మాత్రం రేకుని కప్పేసే ప్రతి వస్తువునీ అనుమానించాల్సిందే. ఈ పోలికంతా ఆ చూపుతోనే రాశాను. మెరిసే సామాను మీద మోజుతో వచ్చినవాళ్లకి కొన్నిచోట్ల చిరాకు రావచ్చు, ముందే చెప్తున్నా.

## కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఆర్సీ ఏమంటోంది. షాపుకి వెళ్లే ముందు ఆర్సీ తీసి చదవండి. పసుపు బోర్డా (సరుకు రవాణాకి), తెల్ల బోర్డా (సొంత వాడకానికి), బాడీ రకం ఏమని రాసుంది, రంగు ఏమని రాసుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు గానీ ఆర్సీలో ఎక్కించుకోవాలి. పసుపు బోర్డు బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తప్పదు. కాబట్టి మీరు తగిలించిన ప్రతిదాన్నీ ఏడాదికోసారి ఒకరు నిలబడి చూస్తారు. తెల్ల బోర్డుకి 15 ఏళ్ల దాకా ఊపిరి ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్.

బరువు. మొత్తం బరువు ఎంత దాకా అనుమతో, ఖాళీ బండి బరువెంతో ఆర్సీలోనే ఉంటాయి. రెండింటికీ తేడానే మీరు మోయగలిగేది. యాభై కిలోల ఇనప రేకు పరిచారంటే యాభై కిలోల సరుకు దించేసినట్టే. ఈ లెక్క ఎవరూ వేయరు, బండి కమాన్లు (బరువు మోసే వంపు ఉక్కు పట్టీలు) మాత్రం వేస్తాయి.

నీళ్లు ఎక్కడ ఆగుతాయి. మన వానలకీ, కోస్తాలో అయితే ఉప్పు గాలికీ బండిని తినేది ఇదే. చేపలూ రొయ్యలూ మోసేవాళ్లకి ఉప్పునీళ్లు, ఎరువులు మోసేవాళ్లకి పొటాష్. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఇనుము పాలిట వంటింటి ఉప్పు ఎంతో అదీ అంతే.

ఊడదీయడం కుదురుతుందా. బోల్టులతో బిగించేది మేలు, వెల్డింగు చేసేది చేటు అని నా లెక్క. ఒకటి రెండు మినహాయింపులున్నాయి, వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

మీ ఊళ్లో ఎవరు బాగుచేస్తారు. విజయవాడ ఆటోనగర్‌కి గంట దూరంలో ఉన్నవాడికీ ఆదిలాబాద్ దగ్గర పల్లెలో ఉన్నవాడికీ ఒకే సలహా పనికిరాదు.

## ముందు తుప్పు సంగతి

ఇది చేయకుండా సామాను కొంటే డబ్బు గోదాట్లో పోసినట్టే. ఓ అయస్కాంతం, ఓ స్క్రూడ్రైవర్, ఓ టార్చి చాలు. అయస్కాంతాన్ని బాడీ మీద జరుపుకుంటూ పోండి. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ రంగు కింద పుట్టీ మందంగా ఉందన్నమాట. స్క్రూడ్రైవర్ పిడితో తొట్టి అడుగున తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది డొప్పులా పలుకుతుంది.

వెతకాల్సిన చోట్లు: వెనక మడ్‌గార్డుల లోపలి మడత, తొట్టిని ఛాసిస్‌కి (బండి కింది ఇనప చట్రానికి) బిగించే బోల్టుల చుట్టూ, క్యాబిన్ కింద రబ్బరు మౌంటింగులు, కమాన్ పట్టీల చివర్లని ఛాసిస్‌కి పట్టే షాకిల్ బ్రాకెట్లు, డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు. ఆ రంధ్రాల్లో గడ్డీ మట్టీ ఇరుక్కుని ఉంటాయి. ఒక ఇనప చువ్వతో పొడవండి. మా బండి ఎడమ డోరులోంచి వడ్లు రాలాయి, వాటిలో కొన్ని మొలకెత్తి ఉన్నాయి.

గీకాక వేసే ప్రైమర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. రెడ్ ఆక్సైడ్ చవక, ప్రతి షాపులో దొరుకుతుంది. కానీ పైన రంగు వేయకుండా వదిలేస్తే అది నీళ్లు పీలుస్తుంది. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ ఖరీదెక్కువే. కలిపిన కొన్ని గంటల్లో వాడేయాలి కూడా. అయినా తొట్టి అడుక్కీ ఛాసిస్‌కీ అదే వేయించండి. రెడ్ ఆక్సైడ్‌ని ఇంటి గేటుకి ఉంచండి.

వాడేసిన ఇంజనాయిలు కింద కొట్టించడం మన దగ్గర పాత అలవాటు. తుప్పుని కొంత ఆపే మాట నిజమే. కానీ అది రబ్బరు బుష్షుల్నీ బ్రేకు గొట్టాల్నీ ఉబ్బించి పాడుచేస్తుంది, బండి ఆపిన చోటల్లా నేల నల్లబడుతుంది. ఛాసిస్ బాక్సు లోపలికి మైనం రకం స్ప్రే కొట్టించుకోవడం మేలు.

ఇంకో సంగతి. ఛాసిస్ మీద వెల్డింగు పని పడితే మొదట బ్యాటరీ తీగలు ఊడదీయమనండి. ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి. కంప్యూటర్ ఉన్న బండైతే అదీ పోవచ్చు. "ఏం కాదు సార్, రోజూ చేసేదేగా" అంటారు. మీరే స్పానర్ తీసుకుని ఊడదీయండి.

## తొట్టి అడుక్కి ఏం వేయాలి

పికప్ అంటేనే తొట్టి. అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను. ఆరు దారులున్నాయి. బరువులు నేను లెక్కగట్టినవి, తొట్టి అడుగుభాగం ఒకటిన్నర మీటరు పొడవూ అంతే వెడల్పూ అనుకుని.

| రకం | అడుగుభాగానికి పట్టే బరువు | కింద నీళ్లు | తీసి చూడొచ్చా |
|---|---|---|---|
| 3 మి.మీ. ఇనప డైమండ్ షీటు | 53 కిలోల పైనే | రెండు రేకుల మధ్య ఆగుతాయి | వెల్డింగైతే కుదరదు |
| 3 మి.మీ. అల్యూమినియం షీటు | సుమారు 18 కిలోలు | ఆగుతాయి | బోల్టులైతే వస్తుంది |
| 6 మి.మీ. రబ్బరు మ్యాట్ | 16–20 కిలోలు | బాగా ఆగుతాయి | చిటికెలో |
| ప్లాస్టిక్ తొట్టి లైనర్ | తేలిక | ఆగుతాయి, కనపడవు | స్క్రూలు విప్పాలి |
| స్ప్రే పూత | 5 కిలోల చుట్టూ | పూత బాగుంటే ఆగవు | అవసరమే లేదు, పగిలితే తప్ప |
| 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై | 16–18 కిలోలు | గట్ల మధ్య జారిపోతాయి | చిటికెలో |

ఇనప డైమండ్ షీటు. పైన గరుకు గుర్తులు పొంగి ఉండే ఇనప రేకు ఇది. మన దగ్గర చాలామంది చేయించేది ఇదే. ఇటుకలు, ఊచలు, పాత ఇనుము మోసేవాళ్లకి వేరే దారి లేదు, మిగతావన్నీ నెలలో చిరిగిపోతాయి. గొడవంతా వేసే పద్ధతిలో ఉంది. నేను అడిగిన మేస్త్రీ "పాతది కోయడం ఎందుకు సార్, దండగ. దాని మీదే పరిచి నాలుగు చోట్ల టాకాలు వేసేద్దాం" అన్నాడు. ఒక్క పూటలో పని అయిపోతుంది, డబ్బూ తక్కువ. కానీ కుళ్లిన రేకు మీద కొత్త రేకు కప్పితే మధ్యలోకి దిగిన నీళ్లకి బయటికి దారుండదు. మూడేళ్లు పోయాక రెండూ కలిసి పోతాయి, ఈలోపు మీకు కనపడదు కూడా. చేయిస్తే పాత రేకు పూర్తిగా కోయించి, కింద అడ్డపట్టీలకి ప్రైమర్ వేయించి, వాటి మీద కొత్తది పట్టించండి. నేను చెప్పిన మినహాయింపుల్లో ఇదొకటి. ఇక్కడ వెల్డింగే సరైనది, ఎందుకంటే కప్పడానికి కింద ఏమీ మిగలలేదు. నాలుగు మూలలా నీళ్లు పోయే రంధ్రాలు వేయించడం మర్చిపోకండి.

అల్యూమినియం షీటు. తేలిక, చూడముచ్చట, తుప్పు పట్టదని అమ్మేవాళ్లంతా చెప్తారు. తుప్పు పట్టనిది షీటు. దాని కింద ఇనుముంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ మధ్యలో ఉప్పునీళ్లు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఒక లోహం ఇంకోదాన్ని తింటుంది. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల బళ్లకి నేను వద్దనే చెప్తాను. తడి సిమెంటూ సున్నమూ కూడా అల్యూమినియాన్ని కొరుకుతాయి, కాబట్టి తాపీ పనికీ పనికిరాదు. కూరగాయలు, పూలు, కిరాణా మోసే లోపలి జిల్లాల బండైతే భేషుగ్గా ఉంటుంది. అప్పుడు కూడా కింద రబ్బరు పట్టీ, బోల్టుకి నైలాన్ వాషరు అడిగి మరీ వేయించుకోండి.

రబ్బరు మ్యాట్. నా కథ పైనే చెప్పాను. అయినా మ్యాట్‌ని పూర్తిగా తీసిపారేయను. సరుకు జారకుండా పట్టుకోవడంలో దాన్ని మించింది లేదు. ఫ్రిజ్‌లు, గాజు, మోటార్లు మోసేవాళ్లకి కావాలి. కొనేటప్పుడు తిరగేసి అడుగు చూడండి. చదునుగా ఉన్నా, పొడవాటి గాడులున్నా వద్దు. గుండ్రటి చిన్న బొడిపెలున్నది తీసుకోండి, పశువుల కొట్టాల్లో వేసే రకం. బొడిపెల మధ్య గాలీ నీళ్లూ అన్ని వైపులా కదులుతాయి. వారానికోసారి ఎత్తి ఆరేసే ఓపిక లేకపోతే అసలు కొనకండి.

ప్లాస్టిక్ లైనర్. ఇసుజు వి-క్రాస్ లాంటి బళ్లకి దొరుకుతుంది. గోడలతో సహా తొట్టి మొత్తానికి తొడుగులా ఉంటుంది. వారాంతాల్లో ప్రయాణాలు చేసేవాళ్లకి శుభ్రంగా బాగుంటుంది. రెండు లోపాలున్నాయి. మీద సరుకు తెగ జారుతుంది. బండి అదురుకి తొడుగు కదిలి, మధ్యలో చేరిన ఇసుక ఉప్పుకాగితంలా రంగుని రుద్దేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొంటున్నారా? ఈ తొడుగు ఊడదీసి చూపించమని అడగండి. ససేమిరా అంటే బేరం అక్కడే ఆపేయండి.

స్ప్రే పూత. పాలీయూరియా, పాలీయురేథేన్ రకాలు. రేకుకి అంటుకుపోతుంది కాబట్టి కింద నీళ్లు చేరే సందే లేదు. దాచేసే వస్తువు అయినా దీన్ని నేను ఒప్పుకోవడానికి కారణం అదే, రెండో మినహాయింపు ఇది. అయితే పూత ఎంత గట్టిదో దాని కింద పని అంతే గట్టిగా ఉండాలి. తుప్పు పూర్తిగా తీసి, గరుకుగా రుద్ది, జిడ్డు లేకుండా తుడిచి వేయాలి. తుప్పు మీదే కొట్టేస్తే ఆర్నెల్లలో పొక్కులొస్తాయి. పొక్కు పగిలితే నీళ్లు లోపలికి వెళ్లి, రబ్బరు మ్యాట్ కథే మళ్లీ మొదలవుతుంది, ఈసారి ఎత్తి చూసే వీలు కూడా లేకుండా. ముందు ముందు ఆ చోట వెల్డింగు పడితే పూత కాలి విషపు పొగ వస్తుంది. ఇంట్లో రోలరుతో వేసుకునే డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. వాసన ఘాటుగా ఉంటుంది, మంచి మాస్కు లేకుండా చేయొద్దు. పని నాణ్యత మీ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ఓపికున్నవాళ్లకి అదీ మంచిదే.

ప్లై. ఎవరూ చెప్పరు, ఎందుకంటే అమ్మేవాడికి ఇందులో మిగిలేదేమీ లేదు. పికప్ తొట్టి అడుగు చదునుగా ఉండదు, పొడవునా గట్లుంటాయి. 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైని రెండు ముక్కలు చేసి గట్ల మీద పరిస్తే నీళ్లు గట్ల సందుల్లోంచి వెనక్కి జారిపోతాయి. అంచులకి రెండు పూతలు పెయింటు, ఎత్తడానికి ఓ చివర తాడు. మా క్యాంపర్‌కి అడుగు బాగుచేయించాక వేసింది ఇదే. ఆదివారం పొద్దున రెండు ముక్కలూ తీసి గోడకి ఆనించి, తొట్టి కడిగి, ఎండాక మళ్లీ వేస్తాం. శాశ్వతం కాదు. అంచులు ఉబ్బుతాయి, మూడు నాలుగేళ్లకి మార్చాలి. ఊచలు పడేస్తే పగులుతుంది. బస్తాలకీ ట్రేలకీ మాత్రం ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు.

## పైన కప్పు: పట్టా, మడత కవరు, గట్టి క్యానపీ

సరుకు బండికి పట్టా చాలు, వాదన అనవసరం. గొట్టాల చట్రం మీద పట్టా కట్టుకునేటప్పుడు ఆ చట్రం తొట్టి గూళ్లలో దిగి, కావలసినప్పుడు తీసేసేలా చేయించండి.

మడత కవరు అంటే తొట్టి పైన చాపలా పరుచుకునేది. ఊరెళ్లేటప్పుడు సామాను తడవకుండా, కనపడకుండా ఉంటుంది. పాత బండికి దీనితో ఓ చిక్కుంది. ఎన్నో దెబ్బలు తిన్న తొట్టి నాలుగు అంచులూ ఒకే తీరున ఉండవు, కవరు మూల దగ్గర లేస్తుంది, వాన అక్కడే దిగుతుంది. టేపుతో ఎదురెదురు మూలల మధ్య ఏటవాలుగా కొలవండి, తర్వాత మిగతా రెండింటి మధ్య. తేడా సెంటీమీటరు దాటితే ముందు టింకరింగ్ (రేకు సొట్టలు తీసి సరిచేయడం) చేయించాలి, కవరు తర్వాత.

తొట్టి మీద గదిలా కూర్చునే, ఫైబరుతో చేసిన గట్టి క్యానపీ అందం నేనూ ఒప్పుకుంటా. కుటుంబంతో దూర ప్రయాణాలు చేసేవాళ్లకి పనికొస్తుంది కూడా. కానీ బాడీ రూపం మారుతుంది, ఆర్సీ ప్రశ్న వస్తుంది, బరువంతా ఎత్తున చేరి మలుపుల్లో బండి ఊగుతుంది. ఒక్కరే దాన్ని దించలేరు. వేయాలనుకుంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి వేయండి.

## కమాన్లు: పట్టీ ఎక్కించాలా వద్దా

వెనక కుంగిన పాత పికప్‌కి మేస్త్రీ ఇచ్చే మొదటి సలహా "ఓ పట్టీ ఎక్కిద్దాం". ఎత్తు వస్తుంది, నిజమే. కానీ ఖాళీ బండి గుర్రంలా ఎగురుతుంది, ఆ దెబ్బ షాకిల్ బ్రాకెట్ దగ్గర ఛాసిస్ తింటుంది. అదనపు పట్టీతో ఆర్సీలో అనుమతించిన బరువు ఒక్క కిలో కూడా పెరగదు. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్‌కి ఓ సన్నటి కడ్డీ తగిలించి, బరువుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. వెనక భాగం లేస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. నిండు లోడుతో వాన రోడ్డు మీద ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. పట్టీ వేసినా, తీసినా ఆ వాల్వు సరిచేయించాల్సిందే.

సాగిన పట్టీలని కొట్టి వంపు తెప్పించే 'సెట్టింగు' చవక. సరిగ్గా కాల్చి గట్టిపరచకపోతే కొన్ని నెలల్లో మళ్లీ కుంగుతాయి. నా ఓటు కంపెనీ లెక్క ప్రకారం కొత్త సెట్టుకి, కొత్త బుష్షులతో కలిపి. మిగతా సామానంతా వదిలేసినా దీనికి డబ్బు దాచుకోండి. బండి నడక మారిపోతుంది.

## టైర్లు

బొలేరో రకం బళ్లకి 215/75 ఆర్15 ఉంటే చాలామంది 235/75కి వెళ్తారు. టైరు ఎత్తు సుమారు 703 మి.మీ. నుంచి 733కి చేరుతుంది, అంటే నాలుగు శాతం పైగా. మీటరు 60 చూపిస్తే బండి 62 దాటి పోతుంటుంది. క్లచ్ మీద భారం పెరుగుతుంది, లోడుతో ఎక్కుడు రోడ్డు మీద ఆ తేడా తెలుస్తుంది. సరుకు బండికి కంపెనీ కొలతే ఉంచండి. చవకగా వస్తోందని కొనే ముందు టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 3519 అంటే 2019లో 35వ వారం. గాడులు ఎంత లోతున్నా ఆరేడేళ్ల టైరుకి నేను డబ్బు పెట్టను.

## లైట్లు: బల్బు కంటే ముందు తీగ

"రాత్రి ఏమీ కనపడటం లేదు, ఎల్ఈడీ బార్ వేద్దామా?" ఈ ప్రశ్న ప్రతి పాత బండి యజమానీ అడుగుతాడు. ముందు మల్టీమీటరు తీసుకుని, ఇంజను నడుస్తుండగా హెడ్‌లైటు బల్బు పిన్నుల దగ్గర వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి బల్బు దగ్గర 12 వస్తోందంటే వెలుతురులో దాదాపు మూడో వంతు తీగల్లోనే పోతోంది. వోల్టేజి కాస్త తగ్గితే హాలోజన్ వెలుతురు చాలా తగ్గుతుంది, దాని గుణం అది.

రెండు 60/55 వాట్ల బల్బులకి పది ఆంపియర్ల కరెంటు కావాలి. పాత బళ్లలో అదంతా స్టీరింగు దగ్గర స్విచ్చిలోంచే పోతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెట్టి, బ్యాటరీ నుంచి మందపాటి తీగ నేరుగా లాగి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు వేసి, ఎర్తు బిగించిన చోట రంగు గీకి శుభ్రం చేయిస్తే అదే బల్బు పట్టపగలు చేస్తుంది. ఖర్చు బార్ ఖరీదులో చిన్న ముక్క. ఆర్సీకీ ఎదురొచ్చేవాళ్ల కళ్లకీ ఇబ్బంది లేదు.

మామూలు హెడ్‌లైటు గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, మీ ముందు రోడ్డు మాత్రం అలాగే ఉంటుంది. రూఫ్ మీద బార్ అంటారా, చేల గట్ల మీద, చెరువుల దగ్గర రాత్రి పనికి బాగుంటుంది. రోడ్డెక్కేటప్పుడు ఆర్పి మూత వేయాలి. వైరింగు ఎవరు చేసినా ఒకటి చూసుకోండి. తీగ మీద తొడుగు కోసి, కొత్త తీగ మెలేసి, నల్ల టేపు చుడితే ఒప్పుకోకండి. వేసవిలో ఆ టేపు జిగురు కారి ఊడుతుంది. బళ్లు తగలబడేది అలాంటి చోట్లే.

## బంపర్లూ గార్డులూ

ఇక్కడ తక్కువ మాట్లాడతా. ముందు బుల్ గార్డు వద్దు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. ఎదురుగా వచ్చిన మనిషికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. గుద్దినప్పుడు ఆ అదురు నేరుగా ఛాసిస్ కొమ్ముల్లోకి పోతుంది. ఎయిర్‌బ్యాగులున్న బండైతే అవి తెరుచుకునే లెక్క తప్పొచ్చు. గేదె అడ్డొస్తే ఎలా అంటారు. నెమ్మదిగా పోవడమే.

వెనక మెట్టు, లాగే కొక్కెం కావాలంటే ఛాసిస్‌లో ఉన్న పాత రంధ్రాల్లోనే బిగించమనండి. ఛాసిస్ బీము పైపట్టీకీ కిందిపట్టీకీ కొత్త రంధ్రాలు వేయకూడదు. బలమంతా అక్కడే ఉంటుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే.

## ఏ బండి మీద ఎంత పెట్టొచ్చు

టాటా మొబైల్, 207. టాటా మొబైల్ 206 వచ్చింది 1988లో. ఆ వేదిక మీదే సియెర్రా (1991), ఎస్టేట్ (1992) వచ్చాయి. తర్వాతి 207 డీఐలో ఉన్నది 2,956 సీసీ 497 రకం ఇంజను, 407 బళ్లు బాగుచేసే ఏ మేస్త్రీకైనా కొట్టినపిండి. ఇంజను సామానుకి లోటుండదు. గ్రిల్లు, డోరు రబ్బర్లు, డాష్‌బోర్డు ముక్కలు మాత్రం వెతకాలి, హైదరాబాద్ పుట్లీబౌలిలో ఓ రోజంతా తిరగాల్సి రావచ్చు. నాన్నగారి బండి అనే మమకారం ఉన్నవాళ్లు దీన్ని కంపెనీ రూపంలోనే నిలబెట్టాలి. మొబైల్‌కి ఎల్ఈడీలూ వెడల్పు టైర్లూ వేస్తే నాకు కడుపు మండుతుంది.

బొలేరో క్యాంపర్, పికప్. బోల్టు దగ్గర్నుంచి డోరు దాకా అన్నీ మండల కేంద్రంలో దొరికే బండి. 2,523 సీసీ పాత డీఐ ఇంజనులో కంప్యూటర్ గొడవ లేదు. మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకి ఇదే నా సిఫారసు.

మహీంద్రా స్కార్పియో గెటవే, టాటా జెనాన్. తక్కువ అమ్ముడుపోయాయి. గెటవే ముందు భాగానికి స్కార్పియో సామాను సరిపోతుంది, వెనక తొట్టి గోడా డోరూ దెబ్బతింటే మాత్రం టింకరే దిక్కు. తొట్టి బాగున్నదైతేనే కొనండి.

ఇసుజు వి-క్రాస్. మన శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో తెరిచిన ఫ్యాక్టరీ నుంచి అదే ఏడాది వచ్చిన బండి. మొదటివాటికి ఇప్పుడు పదేళ్లు. కాబట్టి సెకండ్‌హ్యాండ్ కొని అలంకరించేవాళ్లు పెరుగుతున్నారు. 2.5 లీటర్ల కామన్‌రైల్ ఇంజను, ఎలక్ట్రానిక్ కంట్రోలు. దీని తీగల మీద ఆటోల కొట్టు వైరింగు పనివాణ్ని చేయి వేయనివ్వకండి. కవరూ లైనరూ దీనికి కొలతకి సరిగ్గా దొరుకుతాయి, అది సుఖం.

## మీరు ఎవరో బట్టి

సరుకు మోసి బతికే బండైతే తుప్పు పని, కొత్త కమాన్ సెట్టు, ప్లై లేదా ఇనప అడుగు, రిలే, పట్టా. అక్కడితో ఆపండి. ఏడాదికోసారి ఫిట్‌నెస్ రోజున హాయిగా ఉంటుంది.

సొంత పొలానికీ ఊరికీ మధ్య తిరిగే తెల్ల బోర్డు బండైతే స్ప్రే పూత, మడత కవరు, మంచి సీట్లు. క్యాబిన్ లోపల నేల మీద వేసే ఫోమ్ కార్పెట్ జోలికి పోకండి. బురద కాళ్లతో ఎక్కే బండిలో అది తడి స్పాంజే. కడిగేయగలిగే రబ్బరు ట్రేలు చాలు.

పాత రూపం తిరిగి తెచ్చుకోవాలనుకునేవాళ్లకి ఖర్చంతా టింకరింగ్‌లో, రంగులో, చిన్న ముక్కల వెతుకులాటలో పోతుంది. ఎంత పోతుందో ముందు చెప్పగలిగేవాడు లేడు. రంగు ఆర్సీలో ఉన్నదే వేయించండి. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ ఫీజు 5,000, ఇరవై దాటితే 10,000. అది ముందే పక్కన పెట్టుకోండి. ఫొటోలు తీస్తూ పోండి, ప్రతి రేకు కోసినప్పుడూ, ప్రతి పూతకీ.

ఆ ఫొటోలు ఇంకోచోట కూడా అక్కరకొస్తాయి. తర్వాత తగిలించిన సామాను పాలసీలో విడిగా రాయించకపోతే బీమా దానికి డబ్బివ్వదు. ఐదేళ్లు దాటిన బండి విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకునేదే. బిల్లులూ ఫొటోలూ బల్ల మీద పెడితే ఆ అంకె కాస్త పైకి జరుగుతుంది. ఊడదీసిన కంపెనీ గ్రిల్లూ బంపరూ మాత్రం పాత ఇనుముకి అమ్మకండి, అటక మీద పడేయండి. రేపు బండి కొనడానికి వచ్చినవాడు మొదట అడిగేది వాటినే.